పండిత రమాబాయమ్మగారి తల్లి

ధ్యాన భాగము: 2 తిమోతి 1:3–7, ద్వితీయోపదేశకాండము 6:4–9

అపొస్తలుడైన పౌలు చెరలోనుండి తిమోతికి వ్రాయునప్పుడు మొదట అతని కన్నీళ్లను జ్ఞాపకము చేసికొనెను. వెంటనే అతని అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి తలంచెను. యౌవనుడైన ఆ సంఘకాపరి విశ్వాసమునకు వేరు ఎక్కడ నున్నదో పౌలునకు తెలియును. అది ఏ గొప్ప పాఠశాలలోను లేదు. ఒక అవ్వ ఒడిలోను ఒక తల్లి వాకిటను ఉన్నది. సంఘములో బోధించువారిని మనము ఎరుగుదుము, వారిని గౌరవించుదుము. వారికి మొదటి మాట నేర్పిన స్త్రీలను మాత్రము తరచుగా మరచిపోవుదుము. అందుచేత ఈ నెల మేము ఒక ప్రసిద్ధురాలిని గూర్చి వ్రాయబూని, ఆమెను కన్న తల్లిని గూర్చియు వ్రాయుచున్నాము.

పండిత రమాబాయి పేరు మన సంఘములలో వినని వారు కొద్దిమంది. పూనా దగ్గరి కేడ్గాములో అనాథలకును విధవలకును ముక్తి సదనమను ఆశ్రయమును స్థాపించిన భక్తురాలు ఆమెయే. బైబిలు గ్రంథమును సామాన్య స్త్రీలకు తెలియునట్లు మరాఠీ భాషలోనికి తర్జుమా చేసిన విదుషీమణియు ఆమెయే. ఆమె 1922వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన ప్రభువునందు నిద్రించెను. 1989లో భారత తపాలా శాఖవారు ఆమె పేరట తపాలా బిళ్ల వెలువరించిరి. ఇంత పేరు పొందిన యీ స్త్రీ 1887లో హిందూ స్త్రీల దుస్థితిని గూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకము వ్రాసి అమెరికాలో అచ్చువేయించెను. దానిని ఆమె ఏ దొరకును, ఏ ధనవంతునికిని అంకితము చేయలేదు. తన తల్లియైన లక్ష్మీబాయికి అంకితము చేసెను. అప్పటికి ఆ తల్లి చనిపోయి పదుమూడేండ్లు గడచినవి.

లక్ష్మీబాయి క్రైస్తవురాలు కాదు. ఆమె చేతిలో బైబిలు ఎన్నడును లేదు. ఆమెకు స్థిరమైన ఇల్లును చాలకాలము లేదు. అయినను ఆమె బిడ్డలు ఆమె చేసిన కుటుంబమును మరువలేకపోయిరి. ఆమె కడపటి దినములు గడచినది మన రాయలసీమ చుట్టుపట్లనే. తిరుపతి అడవిలో ఆమె ఆకలిగొనెను. గుంతకల్లు, ఆదోని దాటి పోవు రైలుదారిలోని రాయచూరులో కన్నుమూసెను. మన పెనుకొండ, ఎర్రమంచి ప్రాంతపు తల్లులకు ఈ కథ దూరపు కథ కాదు.

గోదావరి తీరమున పెండ్లి

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. ఆయన గొప్ప సంస్కృత పండితుడు. చదువుకొను దినములలో ఆయన గురువు పూనాలోని పీష్వాగారి భార్యకు సంస్కృతము చెప్పుచుండెను. ఒక స్త్రీ నోట సంస్కృత శ్లోకములు విని ఆ బాలుడు ఆశ్చర్యపడెను. తన యింటనున్న స్త్రీకిని ఈ చదువు చెప్పవలెనని ఆనాడే మనస్సున నిశ్చయించుకొనెను. అయితే ఆయన మొదటి భార్యకు చదువు చెప్పబోగా ఆమె యిష్టపడలేదు, ఇంటి పెద్దలు ఒప్పుకొనలేదు. కొంతకాలమునకు ఆమె చనిపోయెను.

తరువాత ఆయన తీర్థయాత్రకు పోవుచు గోదావరి తీరమున నొక ఊరిలో ఆగెను. అక్కడ ఇద్దరు కుమార్తెలతో యాత్ర చేయుచున్న ఒక బ్రాహ్మణుడు ఆయనను చూచి, కులగోత్రములు విచారించి, మరునాడే తన తొమ్మిదేండ్ల కుమార్తెను ఆయనకిచ్చి పెండ్లి చేసెను. వరునికి వయస్సు నలువది దాటినది. పెండ్లియైన వెంటనే తండ్రి తన దారిని తాను పోయెను. బొమ్మలాట వయస్సుననున్న ఆ చిన్నది, ఎరుగని మనుష్యుని వెంట ఎరుగని దేశమునకు వందల మైళ్లు ప్రయాణము చేసెను. ఆ కాలపు ఆచారమట్టిది. దానిని మనము మెచ్చుకొనలేము. ఆ చిన్నదాని కుమార్తెయే పెద్దదై అట్టి ఆచారములకు విరోధముగా జీవితమంతయు పాటుపడెను. అయినను దేవుని దయవలన ఆ భర్త మంచివాడాయెను. ఆయన ఆమెకు లక్ష్మీబాయి అని పేరుపెట్టి, చేతనైనంత చదువు చెప్పెను. ఆ చిన్నది శ్రద్ధగా నేర్చుకొనెను.

ఆడదానికి దేవభాష నేర్పుట ధర్మవిరుద్ధమని బంధువులును ఊరివారును గొడవచేసిరి. విషయము ఉడుపిలోని పండితుల సభవరకు పోయెను. అనంతశాస్త్రి అక్కడ నిలిచి, స్త్రీలు చదువుకొనుట తప్పు కాదని గ్రంథములనుండి చూపెను. అయినను ఊరిలో నెమ్మది లేకపోయెను. అందుచేత ఆయన భార్యను వెంటబెట్టుకొని పశ్చిమ కనుమలలోని గంగామూల అను అడవికి కాపురము పోయెను.

అడవిలోని కాపురము

మొదటి రాత్రి వారికి తలదాచుకొన చూరైనను లేదు. ఏటి ఆవల ఒక పెద్దపులి తెల్లవారువరకు గాండ్రించుచుండెను. ఆ చిన్నది దుప్పటి నిండుగా కప్పుకొని, భయముతో కదలక మెదలక నేలమీద పడియుండెను. భర్త తెల్లవారువరకు కావలి కూర్చుండెను. తరువాత కాలమందు లక్ష్మీబాయి ఈ సంగతిని తన పిల్లలకు చెప్పుచుండెడిది. ఆ పిల్లలు ఆ కథను మరువలేదు. కథలోని పులి వారికి భయము పుట్టించియుండవచ్చును, కథ చెప్పుచున్న అమ్మ ప్రక్కనుండుట ధైర్యమునిచ్చియుండును. ఇంటిలో కథలు చెప్పు తల్లి యుండుట పిల్లలకెంత భాగ్యము!

కొద్దికాలములో అక్కడ ఒక యిల్లు లేచెను. శాస్త్రిగారి పాండిత్యము విని విద్యార్థులు వచ్చి చేరిరి. దారినపోవు యాత్రికులును ఆ యింట ఆగుచుండిరి. వచ్చిన వారందరికి వండిపెట్టుట లక్ష్మీబాయి పని. భర్తయొద్ద నేర్చిన చదువును ఆమె మరువలేదు, పొయ్యినిగూడ విడువలేదు. ఒక చేత గరిట, ఒక నోట శ్లోకము. ఆమెకు పుట్టిన బిడ్డలలో కొందరు పసితనమందే గతించిరి. కృష్ణాబాయి, శ్రీనివాసుడు, చిన్నదియైన రమాబాయి అను ముగ్గురు మిగిలిరి. రమాబాయి పుట్టినది 1858 ఏప్రిల్ 23వ తేదీన.

వచ్చిన వారికి లేదనక పెట్టుటచేత ఆ యింటికి అప్పులు పెరిగెను. రమాబాయి ఆరు నెలల పిల్లగా నున్నప్పుడు ఆ కుటుంబము ఇల్లు విడిచి యాత్రలకు బయలుదేరెను. పసిబిడ్డను వెదురుపెట్టెలో పరుండబెట్టి, ఒక కూలివాని నెత్తిన పెట్టి కొండ దింపిరి. నాటినుండి ఆ కుటుంబము ఒక్కచోట నిలిచి కాపురము చేయలేదు. ఊరూర గుడిమంటపములలో పురాణము చదివి వినిపించి, విన్నవారు ఇచ్చినదానితో బ్రదుకుచు వారు దక్షిణ దేశమంతయు తిరిగిరి.

తెల్లవారుజామున చదువు

ఇల్లు లేని కాపురము ఏమి కాపురమని మనమనుకొనవచ్చును. అబ్రాహాము శారాలు గుడారములలో నివసించిరి. గుడారములో నుండినను శారా యిల్లాలే. ముగ్గురు అతిథులు వచ్చినప్పుడు పిండి పిసికి రొట్టెలు చేసినది గుడారములోనే. గోడలు ఇంటిని నిలుపజాలవు. నిలుపునది ఇల్లాలు.

లక్ష్మీబాయి ఆ తిరుగుడు బ్రదుకులోనే తన చిన్నకుమార్తెకు చదువు చెప్పెను. అప్పటికి తండ్రి ముసలివాడాయెను, కంటిచూపు తగ్గుచుండెను. కనుక చిన్నదాని చదువు తల్లిమీద పడెను. పగలంతయు ఆమెకు ఇంటిపని, ప్రయాణము, వంట. తీరిక దొరకునది తెల్లవారుజామున మాత్రమే. పక్షులు కూయు వేళకు ఆమె లేచి, నేలమీద నిద్రపోవుచున్న బిడ్డను మెల్లగా ఒడిలోనికి ఎత్తుకొని, ముద్దుమాటలతో నిద్ర తెలిపెడిది. కొట్టి లేపలేదు, అరచి లేపలేదు. ముద్దుమాటలు ముందు, పాఠము తరువాత. పుస్తకము లేకయే తాను నోట చెప్పుచు బిడ్డచేత చెప్పించెడిది. రమాబాయికి ఎనిమిదేండ్ల ప్రాయమునుండి పదునైదేండ్ల ప్రాయమువరకు ఈలాగు చదువు జరిగెను. వేలకొలది శ్లోకములు ఆమెకు కంఠస్థమాయెను. కొన్నియేండ్లకు కలకత్తా పండితులు రమాబాయికి పండిత అనియు సరస్వతి అనియు బిరుదులిచ్చిరి. ఆ బిరుదుల వెనుక ఎన్ని తెల్లవారుజాములు ఉన్నవో ఆ తల్లికే తెలియును.

ఇశ్రాయేలు తల్లిదండ్రులకు మోషే ఇచ్చిన ఆజ్ఞను ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి. దేవుని మాటలను ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును బిడ్డలకు నేర్పవలెనని ఆయన ఆజ్ఞాపించెను. లక్ష్మీబాయి ఆ ఆజ్ఞను చదివినది కాదు. అయినను త్రోవను నడుచుచు, లేచునప్పుడు, తాను ఎరిగిన దానిని బిడ్డకు నేర్పెను. ఆ ఆజ్ఞ మన యింట గోడమీద వ్రేలాడుచున్నది. దానిని మనమెట్లు నెరవేర్చుచున్నాము?

పెద్దకుమార్తె కృష్ణాబాయికి చిన్నతనముననే పెండ్లి చేసియుండిరి. ఆ పెండ్లి ఆమెకు సుఖము నీయలేదు. అది చూచి బాధపడిన తల్లిదండ్రులు, ఊరివారు ఎన్ని మాటలాడినను, రమాబాయికి చిన్నవయస్సున పెండ్లి చేయలేదు. మన ఊళ్లలో ఇప్పటికిని పదునెనిమిదేండ్లు నిండకముందే ఆడపిల్లకు సంబంధము చూచు తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచింపవలెను.

సజ్జరొట్టె

మన పెద్దలు ధాతు కరవు అని చెప్పుకొనెడి గొప్ప కరవు 1876–78 సంవత్సరములలో వచ్చినది. అప్పుడు పెనుకొండ బళ్లారి జిల్లాలో నుండెను. అనంతపురము జిల్లా 1882లో గదా ఏర్పడినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరవునకు ఎక్కువగా బలియైనవి. అయితే దాని ఛాయలు అంతకు రెండుమూడేండ్ల ముందే దక్షిణ దేశమున పడియుండెను. పురాణము విని దక్షిణ ఇచ్చువారు తగ్గిపోయిరి. తినుటకు లేనివారు ఇతరులకేమి ఇత్తురు?

శాస్త్రిగారి కుటుంబము మొదట ఉన్న రూకలు ఖర్చుపెట్టుకొనెను. తరువాత నగలు, వెండి పాత్రలు, రాగి చెంబులు ఒక్కటొక్కటిగా అమ్ముకొనెను. కూలికి పోవలెనన్న కులాభిమానము అడ్డువచ్చెను. అడుగుకొనవలెనన్న సిగ్గు అడ్డువచ్చెను. పెద్దయైన తరువాత రమాబాయి ఈ సంగతిని దాచక వ్రాసినది. చేతులుండియు పని చేయుట నేర్వని గర్వము తమకెంత చేటు తెచ్చినదో ఆమె గుర్తించెను. చెరువు కట్టలమీద మట్టి మోసి బిడ్డలను సాకిన మన అవ్వలకు ఆ గర్వము లేదు. అందునకు దేవునికి స్తోత్రము.

కడపటి బియ్యపుగింజ అయిపోయిన దినమున 1874లో వారు తిరుపతి అడవిలో ప్రవేశించిరి. నలుగురి యెదుట ఆకలితో చచ్చుటకంటె అడవిలో చచ్చుట మేలనుకొనిరి. పదునొకండు పగళ్లు, పదునొకండు రాత్రులు నీళ్లు, ఆకులు, గుప్పెడు ఈతపండ్లు, ఇవే వారికి ఆహారము. చూపులేని తండ్రి ఇక కుటుంబమునకు భారము కాగూడదని కోనేటిలో పడి చావ నిశ్చయించుకొనెను. పోవుటకు ముందు ఆయన పదునారేండ్ల రమాబాయిని దగ్గరకు తీసికొని, మంచి నడవడితో దేవుని సేవింపుమని బోధించెను. అప్పుడు కుమారుడైన శ్రీనివాసుడు అడ్డుపడి, కులగర్వము విడిచి కూలి చేసియైనను మిమ్మును పోషింతునని చెప్పి తండ్రిని ఆపెను. వారు అడవి విడిచి ఒక పాడుగుడిలో తలదాచుకొనిరి. కాని ఆలస్యమైపోయెను. రెండు దినములు తిరుగకముందే తండ్రి అక్కడ ప్రాణము విడిచెను.

మిగిలినవారు రాయచూరు చేరిరి. అక్కడ లక్ష్మీబాయి జ్వరముతోను ఆకలితోను మంచము పట్టెను. ఒంటిమీద తెలివి తప్పిన సమయములలో ఆమె తినుటకు ఏదైన పెట్టుమని అడుగుచుండెను. ఎందరో విద్యార్థులకు, ఎందరో యాత్రికులకు లేదనక వండిపెట్టిన తల్లి చిన్న సజ్జరొట్టె ముక్కకు ఆశపడెను. రమాబాయి పొరుగింటి గుమ్మమునకు పోయెను. ఆ యింటి యిల్లాలు దయగా పలుకరించెను. వేల శ్లోకములు తడబడక చెప్పగల ఆ పిల్లకు రొట్టె అను ఒక్క మాట నోట రాలేదు. ఏడ్పు ఆపుకొన్నది. ఆగలేదు. ఆ యిల్లాలు మనస్సు కరిగి రొట్టె ముక్క చేతిలో పెట్టెను. రమాబాయి మరుమాట లేక తీసికొని పరుగెత్తెను. కాని అప్పటికి తల్లికి రొట్టె నమలి మింగు శక్తి లేకపోయెను. అమ్మ తినలేదు.

ఆమె చనిపోయినప్పుడు మోయువారు దొరకలేదు. ఎట్టకేలకు ఇద్దరు మనుష్యులు జాలిపడి వచ్చిరి. నాలుగవ మనిషిగా రమాబాయి నిలిచెను. శ్మశానము మూడు మైళ్ల దూరము. ఆమె పొట్టిది గనుక పాడె భుజమునకు అందక, తన వంతు బరువును నెత్తిన పెట్టుకొని మోసెను. పసితనమున తాను ఒకని నెత్తిమీద కొండ దిగినది. ఇప్పుడు తల్లిని తన నెత్తిమీద మోసినది. కొద్దికాలములోనే అక్క కృష్ణాబాయియు చనిపోయెను.

బెయేర్షెబా అరణ్యమున హాగరు తన కుమారుడు చచ్చుట చూడలేక దూరముగా కూర్చుండి ఏడ్చెను. దేవుడు ఆమె కన్నులు తెరచి నీటి ఊటను చూపెను. రాయచూరులో బిడ్డయే తల్లి చావు చూచెను. ఊట ఆనాడు కనబడలేదు. దేవుడు ఎందుకు ఆలస్యము చేసెనో మనము చెప్పలేము. చెప్పగలిగినది ఒక్కటే. ఆ ఊట చాలయేండ్ల తరువాత ఆ బిడ్డ చేతిమీదుగా వేలమందికి ప్రవహించెను.

కుమార్తె తల్లియైన విధము

అన్నయు చెల్లెలును కాలినడకను ఉత్తర దేశమునకు పోయిరి. చలిలో కప్పుకొనుటకు లేక నది యొడ్డున ఇసుకలో గుంట తీసి, దానిలో పండుకొని, పొడి ఇసుక మీద కప్పుకొన్న రాత్రులు వారికి గలవు. 1878లో కలకత్తా చేరిరి. 1880లో అన్న చనిపోయెను. అదే సంవత్సరము రమాబాయి వంగదేశపు న్యాయవాదియైన బిపిన్ బిహారి మేధావిని వివాహమాడెను. ఆయన వేరు కులస్థుడు. 1881లో మనోరమ అను కుమార్తె పుట్టెను. 1882 ఫిబ్రవరిలో కలరాచేత భర్త చనిపోయెను. ఇరువది నాలుగేండ్లు నిండకముందే ఆమె తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త లేని దాయెను. ఒడిలో పసిబిడ్డ మాత్రము మిగిలెను.

భర్త యింట ఆమెకు వంగభాషలో అచ్చైన లూకా సువార్త దొరికియుండెను. ఆమె దానిని ఆసక్తితో చదివెను. 1883లో ఇంగ్లండుకు పోయినప్పుడు, పతితులైన స్త్రీలను చేరదీసి ప్రేమతో సాకుచున్న క్రైస్తవ సహోదరీలను చూచెను. ఇట్టి ప్రేమ ఎక్కడనుండి వచ్చినదని విచారింపగా, సమరయ స్త్రీతో ప్రభువు బావియొద్ద మాటలాడిన సంగతి, యోహాను 4వ అధ్యాయము, ఆమెకు చూపబడెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన వాంటేజిలో తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి. అయినను తన హృదయమున క్రీస్తును సొంత రక్షకునిగా ఎరిగినది తరువాత కొన్నియేండ్లకు, 1891 ప్రాంతమున, అని ఆమెయే సాక్ష్యమిచ్చెను.

1889 మార్చి 11వ తేదీన ఆమె బొంబాయిలో శారదా సదనము తెరచెను. అది బాలవిధవలకు చదువుతో కూడిన ఇల్లు. మరుసటి సంవత్సరము అది పూనాకు మారెను. 1896లో మధ్య పరగణాలలో కరవు పుట్టినదని వినగానే ఆమెకు రాయచూరు జ్ఞాపకము వచ్చెను. తాను పడిన కరవు బాధలను 1897లో వ్రాసి ప్రకటించెను. ఊరక వ్రాసి కూర్చుండలేదు. తానే బయలుదేరి కరవుసీమకు పోయి, ఎముకలగూడులైన బాలికలను సుమారు 300 మందిని తీసికొని వచ్చెను. కేడ్గాములో కొనియుంచిన పొలములో వారికి ఆశ్రయము కట్టించి ముక్తి అని పేరుపెట్టెను. 1900లో గుజరాతు కరవు వచ్చినప్పుడు ఇంకను అనేకులను చేర్చుకొనెను. అప్పటికి ముక్తిలో రెండువేల మందికి దగ్గరగా ఉండిరి.

అక్కడ ఎవరును సోమరులుగా కూర్చుండలేదు. నేత, వ్యవసాయము, పాడి, నూనెగానుగ, అచ్చుయంత్రము, అన్ని పనులు స్త్రీలే నేర్చుకొనిరి. పని అనగా సిగ్గుపడి పస్తులున్న యింటి కుమార్తె, ఎవరును అట్లు సిగ్గుపడి చావరాదని ఈ యేర్పాటు చేసెను. ఆమె కుమార్తె మనోరమయు పెద్దదై తల్లితో పనిచేసెను. గ్రుడ్డి బాలికలకు వ్రేళ్లతో తడవి చదువు విద్యను మనోరమ నేర్పెను.

రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని బైబిలంతయు సులభమైన మరాఠీలోనికి తర్జుమా చేసెను. పొలములో పనిచేయు స్త్రీకిని అర్థము కావలెనని ఆమె కోరిక. ముక్తిలోని స్త్రీలే దానిని అచ్చువేసిరి. 1921లో మనోరమ చనిపోయెను. ఆ దుఃఖమును భరించి, తన కడపటి దినములవరకు ఆ తల్లి దేవుని వాక్యము మీదనే పనిచేసెను. గ్రంథము సంపూర్ణముగా వెలువడినది ఆమె మరణము తరువాత, 1924లో. తెల్లవారుజామున నిద్రకన్నులతో అమ్మ నోటినుండి మాటలు నేర్చుకొన్న పిల్ల, జీవపు మాటలను వేలాది స్త్రీల నోటికి అందించి వెళ్లెను.

ప్రభువును ఎరుగని మన తల్లులు

ఇప్పుడు ఒక కష్టమైన మాట చెప్పవలసియున్నది. మన సంఘములలో అనేకుల తల్లులు, అవ్వలు ప్రభువును ఎరుగకయే చనిపోయిరి. కొందరి తల్లులు ఇప్పటికిని ఆదివారము గుడి గంట విని మనతో రారు. బాప్తిస్మము పొందినవారిలో కొందరు తమ తల్లిని తేలికగా మాటలాడుదురు. ఆమె పెట్టిన కూడు తిని పెరిగి, ఆమె ఎరుగనిదానిని ఎత్తిచూపుదురు. మరికొందరు ఆమెను తలంచుకొని రాత్రివేళ దుఃఖపడుదురు, ఎవరితోను చెప్పుకొనరు.

రమాబాయి మార్గము చూడుడి. ఆమె తన తల్లి నమ్మిన వాటిని విడిచెను. ఆ విడుచుటను దాచలేదు. అయినను తల్లిని విడువలేదు. తల్లి ప్రేమను, ఓర్పును, తెల్లవారుజాము చదువును లోకమంతటి యెదుట పేరుపెట్టి చెప్పెను. తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞలో విశ్వాసులైన తల్లిదండ్రులను మాత్రమే అని లేదు. తన తల్లి ఆత్మ సంగతి దేవుని చేతిలో నుంచి, తల్లి మంచితనమునకు ఆమె కృతజ్ఞత చెల్లించెను. నీతిమంతుడైన న్యాయాధిపతి మనకంటె దయగలవాడు. తల్లి బిడ్డను మరచినను తాను మరువనని యెషయా 49వ అధ్యాయములో మాట ఇచ్చినవాడు, బిడ్డను ఒడిలో ఎత్తుకొని మేలుకొలిపిన ఒక తల్లిని ఎరుగకపోడు. అంతకుమించి మనము తీర్పు చెప్పబూనుట తగదు. బ్రదికియున్న తల్లికి సువార్త చెప్పుట మన విధి. అది చెప్పుటకు మొదటి మెట్టు ఆమెను గౌరవించుట.

మనకు పాఠము

మన ప్రాంతము మారినది. ఎర్రమంచి పొలములలో కార్ల కర్మాగారము వెలసి, 2019 నుండి కార్లు తయారగుచున్నవి. శెనక్కాయ పొలములో నిలిచి వానకొరకు ఆకాశము చూచిన యింటి బిడ్డలు ఇప్పుడు షిఫ్టు బస్సుకొరకు దారి చూచుచున్నారు. తల్లులు నాలుగు గంటలకే లేచి క్యారియరు కట్టుచున్నారు. తెల్లవారుజాము తల్లి పని తగ్గలేదు. కాని ఆ వేళ ఇంటిలో మొదట వినబడునది ఎవరి మాట? అమ్మ నోటి ముద్దుమాటయా, చేతిలోని ఫోను మోతయా? పుస్తకము చదువుట రాని తల్లియైనను, తనకు వచ్చిన ఒక్క వాక్యమును, ఒక్క కీర్తనను, ఒక్క బైబిలు కథను బిడ్డకు నోట చెప్పవచ్చును. లక్ష్మీబాయికిని చేత పుస్తకము లేదు.

మరియు మన స్త్రీల సమాజములలో పిడికెడు బియ్యమను మంచి అలవాటు కలదు. ఎసటిలో పోయకముందు ప్రభువు పేరట ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చుట. కొన్ని యిండ్లలో అది నిలిచిపోయినది. పిడికెడు బియ్యము ఏపాటిదని అనుకొనవద్దు. సారెపతు విధవరాలి తొట్టిలో నుండినదియు పట్టెడు పిండియే. రాయచూరులో పొరుగింటి యిల్లాలు ఇచ్చినదియు ఒక రొట్టె ముక్కయే. ఆమె పేరు ఎవరికిని తెలియదు. ఆ ముక్క అందవలసిన నోటికి అందలేదు. అయినను ఆ దయను ఒక పిల్ల జీవితాంతము మరువలేదు. అడుగలేక గుమ్మమున నిలిచినవారి ముఖము చూచి అడుగకముందే పెట్టుట ఎట్లో ముక్తి సదనపు తల్లి ఆ గుమ్మము నొద్దనే నేర్చుకొన్నదని మేము నమ్ముచున్నాము.

మన ఊరిలో ఇట్లు గుమ్మమున నిలిచినవారెవరు? భర్త పోయిన కోడలా? కొడుకులు బెంగళూరు పోయి మరచిన ముసలమ్మయా? నోరు తెరచి అడుగుటకు సిగ్గుపడు పిల్లయా? ఈ నెల ప్రతి కుటుంబమును అట్టివారినొకరిని చూచి, పలుకరించి, ఒక పూట తమతో కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టవలెనని మా మనవి.

ప్రార్థనాంశములు: తల్లి లేని బిడ్డల కొరకు. బిడ్డలు మరచిన తల్లుల కొరకు. ప్రభువును ఇంకను ఎరుగని మన తల్లుల కొరకు. కరవు సంవత్సరములలో మన సీమను కాచిన దేవుని కృప కొరకు స్తోత్రములు.